అయినా రాను

మార్చి 3, సోమవారం

అమ్మ వచ్చేసింది.

పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో సంచి, చంకలో గొడుగు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఏమైందమ్మా అంటే ఏం కాలేదు, పక్కకి జరుగు అంది. లోపలికి వచ్చి చెప్పులు విప్పి, నా మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని కాళ్ళు చాపుకుంది.

నాన్న దగ్గర ఎవరున్నారని అడిగాను.

"మీ అన్నయ్య ఉన్నాడుగా పైన. చెప్పే వచ్చాను."

"సరే. సాయంత్రం క్లాసులయ్యాక దింపేస్తాను."

"దింపక్కర్లేదు. నేనింక చెయ్యను."

ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. కూరగాయల కొట్లో ఇంకేమైనా కావాలా అని అడిగితే చాలు అన్నట్టు చెప్పింది. డెబ్భై దాటిన మనిషి. నాన్న పక్షవాతంతో మంచాన పడి ఏడాది కావస్తోంది, ఇన్నాళ్ళూ లేని మాట ఇవాళెక్కణ్ణుంచి వచ్చింది? డ్రైవింగ్ స్కూల్లో నేను చెప్పే క్లాసుకి టైమైపోతోంది. బండి తాళాలు తీసుకుని బయటపడ్డాను.

ఏదో మాటా మాటా అనుకుని ఉంటారు. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.


మార్చి 4, మంగళవారం

పొద్దుట్నుంచి అన్నయ్య ఫోన్ల మీద ఫోన్లు. స్నానం చేయించడానికి కిందకి వెళితే నాన్న ఎడం చేత్తో మగ్గు విసిరాడట. కుడిచెయ్యి పడిపోయినా గురి మాత్రం చెడలేదన్నాను. అన్నయ్య నవ్వలేదు. వదిన కూడా చెప్పేసిందట. మామగారికి వండి పెడతాను, గది తుడుస్తాను, ఒళ్ళు మాత్రం తుడవను అని.

అమ్మని పంపించు, లేకపోతే నువ్వు రా అన్నాడు. అంతే, రెండే దారులు. మూడో దారి ఫోన్లో మాట్లాడుతూనే ఉంది గానీ అది తనేనని వాడికి తెలియదు. నేనూ చెప్పలేదు. వస్తానన్నాను.

ఒక్క వారం. అమ్మ మనసు కుదుటపడేదాకా.


మార్చి 6, గురువారం

తెల్లారకముందే లేచి, వంతెన దాటి వెళ్ళి, నాన్నని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, బాత్రూంలోకి సగం నడక సగం మోతగా తీసుకెళ్ళి, స్నానం, బట్టలు, జావ, మందులు. ఓడరేవులో క్రేను నడిపిన మనిషి. ఇంటెడు బరువుల్ని గాల్లోకి లేపి చెప్పిన చోట దించేవాడు. ఆయన్ని కుర్చీలోంచి లేపి స్టూలు మీద దించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మీ అమ్మేది అని అడిగాడు. మాట ముద్దగా వస్తుంది గానీ అర్థమవుతుంది. మా ఇంట్లో ఉందన్నాను. ఎప్పుడొస్తుందన్నాడు. ఒకట్రెండు రోజుల్లో అన్నాను. మొదటి చెంచాడు జావ నోట్లో పెట్టగానే ఉమ్మేశాడు. ఉప్పు చాల్లేదట.

క్లాసులయ్యాక ఇంటికొస్తే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తోంది. నేను టీ కలుపుతుంటే చెంచా గ్లాసుకి తగిలి ఠంగున మోగింది. అమ్మ ఉలిక్కిపడి సగం లేచింది. నాన్న ఆమెని పిలిచేది అలాగే, గ్లాసు మీద చెంచాతో కొట్టి. జబ్బు చెయ్యకముందు నుంచీ అంతే. క్రేను మీద ఉన్నప్పుడు కిందవాళ్ళకి గంట కొట్టి చెప్పేవాడు, ఇంట్లోనూ అదే అలవాటైంది.

సగం లేచిన అమ్మ, తనెక్కడుందో గుర్తొచ్చి, కావాలని మళ్ళీ కూర్చుంది. నిదానంగా, బాగా వెనక్కి జరిగి.


మార్చి 9, ఆదివారం

అమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. రేపో ఎల్లుండో వెళుతుంది.


మార్చి 12, బుధవారం

అత్త దిగింది. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. బస్సు దిగి నేరుగా నా ఇంటికే వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే తిట్టింది. మంచాన పడ్డ మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడదాన్ని నా కళ్ళతో ఇంతవరకూ చూడలేదంది.

"ఇప్పుడు చూశావుగా," అంది అమ్మ.

నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాను. వచ్చేసరికి అత్త తూటా నాకోసం సిద్ధంగా పెట్టుకుని ఉంది.

"నువ్వు మొగుణ్ణి వదిలేసి వచ్చావు. ఇప్పుడు మీ అమ్మకి నేర్పావు."

నేను వదిలేసి పదిహేనేళ్ళవుతోంది. నేర్పగలిగేదాన్నైతే అప్పుడే నేర్పి ఉండేదాన్ని, ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతాను? ఈ మాట అక్కడ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

మా అన్నకి నేను చేసుకుంటాను, మీరెవ్వరూ అక్కర్లేదని అత్త సంచి భుజాన వేసుకుని వెళ్ళింది. మహా సంతోషం. రేపు హాయిగా ఎండెక్కేదాకా పడుకుంటాను.


మార్చి 13, గురువారం

పడుకోలేదు. అత్తకి మందుల వరస తెలియదు కదా అని వెళ్ళాను.


మార్చి 19, బుధవారం

అత్త వెళ్ళిపోయింది. నడుం పట్టేసిందట. బస్సెక్కే ముందు ఫోన్ చేసింది. గొంతు తగ్గింది. మా అన్న ఇలాంటివాడు కాదే, జబ్బు ఆయన్ని ఇలా చేసింది, నన్ను కూడా గ్లాసు కొట్టి పిలుస్తున్నాడు అంది. జబ్బు కాదత్తా, నువ్వు ఇన్నాళ్ళూ ఆ ఇంటికి చుట్టంగా వచ్చావు అనబోయి ఆగిపోయాను. గొంతులో నిజంగానే బాధ ఉంది. నడుంకి కాపడం పెట్టుకోమని చెప్పాను.

రేపట్నుంచి మళ్ళీ నేనే. ఒక్క వారమే.


మార్చి 22, శనివారం

పొద్దుటి బ్యాచ్ పోయింది.

డ్రైవింగ్ స్కూల్లో పొద్దుటి బ్యాచ్ అంటే ఎవరికైనా నోరూరుతుంది. రోడ్లు ఖాళీగా ఉంటాయి, నేర్చుకునేవాళ్ళకి భయం తక్కువ. ఓనరు పిలిచి, మర్యాదగానే, రోజూ ఆలస్యంగా వచ్చి ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టే స్కూలుకి ఎవరొస్తారమ్మా అన్నాడు. కళ్ళజోడావిడ పాపం ఇప్పుడిప్పుడే బండి ఆగిపోకుండా చౌరస్తా దాటిస్తోంది. ఆమెని కొత్త మాస్టారికి అప్పజెప్పారు. అతను ఊరికే అరుస్తాడు. ఆమె మళ్ళీ మొదటికొస్తుంది. నాకు మధ్యాహ్నం బ్యాచ్ ఇచ్చారు, ట్రాఫిక్కూ ఎండా, క్లచ్ మీద కాలు పెట్టి కునుకు తీసే క్లచ్ మాస్టారూ. పెన్షను తీసుకునే వయసులో కారు నేర్చుకోవాలని ఆయనకెందుకు బుద్ధి పుట్టిందో.

ఇంటికొచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. పట్టపగలు, నోరు తెరుచుకుని, ఫ్యాను కింద. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఏమీ అనలేదు.


మార్చి 23, ఆదివారం

నిన్న మింగింది ఇవాళ బయటికొచ్చింది.

నాన్న దగ్గర్నుంచి వచ్చాను. నడుం ఒక పక్కకి లాగేస్తోంది, చేతులు ఎంత తోమినా ఫినాయిలు వాసన పోలేదు. అమ్మ పెన్సిలు పట్టుకుని పాత పత్రికలో పదాల గళ్ళు నింపుకుంటోంది. నన్ను చూసి, సముద్రానికి ఇంకో మాట చెప్పవే, మూడక్షరాలు, చివర్లో 'రం' అంది.

"నువ్వు దిగిపోయావు కాబట్టి నేను ఎక్కాల్సొచ్చింది. అది నీకు తెలుస్తోందా?"

అమ్మ పెన్సిలు పక్కన పెట్టింది.

"నిన్ను ఎక్కమని నేను చెప్పానా?"

ఆయనకి కొడుకున్నాడు, పెన్షనుంది, డబ్బిస్తే వచ్చి చేసే మనుషులున్నారు అంది. నేను చెయ్యనన్నాను గానీ నా బదులు నిన్ను చెయ్యమనలేదు అంది. మరి ఆయన అలా పడుంటే చూస్తూ ఊరుకోమంటావా అన్నాను. అలా అనుకునే నేను ఇన్నాళ్ళూ చేశాను అంది. దేనికీ గొంతు పెంచదు. గోడకి బంతి కొట్టినట్టు ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా నాకే వచ్చి తగులుతోంది. పొద్దుటి బ్యాచ్ సంగతి చెప్పాను. నా నడుం సంగతి చెప్పాను. అత్త అన్న మాటలు నేనెందుకు పడాలని అడిగాను. చివరికి అనకూడని మాట అన్నాను. నీకసలు జాలి లేదు అన్నాను.

అమ్మ పత్రిక మూసింది.

"జాలి ఉంది. జాలి ఉన్నవాళ్ళే చాకిరీ కూడా చెయ్యాలంటేనే, కుదరదంటున్నాను."

ఇల్లు దద్దరిల్లేలా తలుపేసి, కిందకి దిగి, బండిలో కూర్చున్నాను. బండిలో కూర్చుని ఎక్కడికీ వెళ్ళలేదు.


మార్చి 24, సోమవారం

నేను తప్పేం అనలేదు. 'సాగరం' అని చెప్పి ఉండాల్సింది, అంతే.


మార్చి 26, బుధవారం

క్లాసులయ్యాక డాబా మీద బట్టలు తీస్తుంటే అమ్మ పైకొచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. మూడు రోజుల్నుంచి మా మధ్య మంచినీళ్ళు, ఫ్యాను, గడియ లాంటి మాటలే. దుప్పటి మడత పెడుతూ, నేనడక్కుండానే చెప్పింది.

వచ్చేసే ముందు రోజు పొద్దున వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయిందట. స్పృహ పోలేదు, కాళ్ళే సహకరించలేదు. గచ్చు మీద పడి ఉంటే గుమ్మంలోంచి నాన్న మంచం కనిపిస్తోందట. ఆయనకీ ఈమె కనిపిస్తోంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారట.

"చెంచా తీసుకుని కొట్టడం మొదలుపెట్టారే."

ఎంతసేపని అడిగాను. ఏమో, పొయ్యి మీద టీ నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా అంది. పడుకుని ఆ చప్పుడు వింటూనే ఉందట. ఆఖరికి తనే అలమర పట్టుకుని లేచి, పొయ్యి ఆపి, మాడిన గిన్నె నానబెట్టి, ఇంకో గిన్నెలో నీళ్ళు పెట్టి, టీ చేసి తీసుకెళ్ళి ఇచ్చిందట.

"తాగి, పంచదార తక్కువైందన్నారు. అంతే."

నేను దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని మిగతా మడతలు తనే పెట్టింది. అన్నయ్యకి ఎందుకు చెప్పలేదన్నాను. చెబితే మందులు కొనిచ్చేవాడు, మళ్ళీ అదే వంటింట్లో నిలబెట్టేవాడు అంది.

వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం బాగా తక్కువుందట, బీపీ పడిపోతోందట. ఈవిడ ఇంత నీరసంగా ఉంటే ఎవరూ గమనించలేదా అని అడిగింది డాక్టరమ్మ. అమ్మ నాకంటే ముందే, నేనే పైకి తేలనివ్వలేదండీ అని చెప్పేసింది.

బండిలో వస్తున్నంతసేపూ నాకు నాన్న గొంతు పట్టుకోవాలనిపించింది. రాస్తే తప్పేముంది, నాకు అనిపించింది.


మార్చి 27, గురువారం

పొద్దున వెళ్ళి స్నానానికి లేపలేదు. మంచం పక్కన నిలబడి అడిగాను. అమ్మ వంటింట్లో పడిపోయిన రోజు గుర్తుందా అని.

నాన్న నన్ను చూశాడు, తర్వాత గుమ్మం వైపు చూశాడు. మాటలు ఒక్కొక్కటీ కూడదీసుకుని చెప్పాడు.

"కాళ్ళు రావు నాకు. అరిస్తే గొంతు లేవదు. పైవాళ్ళకి వినపడాలని కొట్టాను."

ఇక్కణ్ణుంచి వంటింటి గచ్చు కనిపిస్తోంది.

"ఎంత కొట్టినా ఒక్కడూ దిగలేదు."

కుడి కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్ను ఎప్పుడూ అలా కారుతూనే ఉంటుంది, జబ్బు లక్షణమని ఆస్పత్రిలోనే చెప్పారు. ఏ నీళ్ళు జబ్బువో ఏవి కాదో నాకేం తెలుసు. నిజమే చెబుతున్నాడా? అమ్మ కింద పడి ఉంటే ఆయన భయపడి, చేతిలో ఉన్న ఒక్క చెంచాతో లోకాన్ని లేపాలని చూశాడా? లేక నెల తర్వాత నేనడిగాను కాబట్టి ఇప్పుడు కట్టుకున్న మాటా?

"మరి టీ తెచ్చిస్తే పంచదార తక్కువైందని ఎందుకన్నావు?"

నాన్న ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు, నుదురు ముడిపడింది.

"తక్కువైంది," అన్నాడు.

స్నానం చేయించాను. ఇంకేం చేస్తాను?


మార్చి 28, శుక్రవారం

అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. పైవాళ్ళని పిలవడానికి కొట్టాడటమ్మా అన్నాను. చెబుతూ నా గొంతులో ఎక్కడో ఆశ ఉందని నాకే వినిపించింది. ఇది వింటే కరుగుతుంది, సంచి సర్దుకుంటుంది, నా పొద్దులు నాకొస్తాయి.

అమ్మ మాత్ర మింగి నీళ్ళు తాగింది.

"అయ్యుండొచ్చు," అంది.

గ్లాసు బోర్లించి మళ్ళీ అంది.

"అయినా రాను."

ఆ ఒక్క రోజు కోసం నేను వచ్చేశానని నువ్వు అనుకుంటున్నావు అంది. ఆ రోజు కింద పడ్డాను కాబట్టి తెలిసింది, అంతే. రేపు మళ్ళీ పడతాను, ఆయన మళ్ళీ కొడతారు. పాపం అంతకంటే ఆయన చెయ్యలేరు. ఇంతకంటే నేనూ చెయ్యలేను. ఇందులో ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న మాటే లేదే అంది.

నిన్నటిదాకా ఆయన మీద కోపం, మొన్నటిదాకా ఈవిడ మీద కోపం. ఇవాళ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, రెండు డబ్బాల మధ్య బండి పార్క్ చెయ్యడం రానందుకు క్లచ్ మాస్టారి మీద అరిచాను. ఆయన బండి ఆపి, నిదానంగా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా అన్నారు. లేదండీ, రివర్స్ గేరు వెయ్యండి అన్నాను.


మార్చి 30, ఆదివారం

వచ్చారు. బాబాయి, అత్త, అన్నయ్య. బాబాయి నాన్నకి తమ్ముడు. మా వైపు ఏ ఇంట్లో గొడవైనా తీర్పు చెప్పేది ఆయనే కాబట్టి చిన్నప్పట్నుంచీ మేం ఆయన్ని వెనకాల జడ్జిగారంటాం. నా రెండు గదుల ఇంట్లో అందరూ పట్టక అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

బాబాయి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కాపురమన్నాక సర్దుకుపోవాలి, ఈ వయసులో ఈ పంతాలేమిటి, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాం. అత్త మధ్యలో అవునవును అంటోంది, నడుం మీద చెయ్యి వేసుకునే. అమ్మ మంచం మీద కూర్చుని విన్నంతసేపూ విన్నది. ఒక్కసారి మాత్రం, నేను చెప్పాల్సింది మా అబ్బాయికి చెప్పే వచ్చాను అంది. ఆ మాట ఎవరి చెవినీ పడలేదు. సంచి సర్దుకో వదినా, కింద బండి పెట్టాను అన్నాడు బాబాయి.

అప్పుడు అమ్మ నా వైపు చూసింది. మంచం పట్టెని గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె ముఖంలో భయం చూశాను. బాబాయిని చూసి కాదు. నన్ను చూసి. నేను అప్పజెప్పేస్తానేమోనని.

లేచి నిలబడ్డాను.

"అమ్మ రాదు. నేను కూడా రోజూ రాను. మంగళవారం, శనివారం పొద్దున వస్తాను. మిగతా రోజులు అన్నయ్యవి. చేతకాకపోతే మనిషిని పెట్టుకోండి, నాన్న పెన్షను చాలకపోతే నేనూ వేస్తాను. అమ్మని మాత్రం ఈ గుమ్మం దాటించేది అమ్మే, ఇంకెవరూ కాదు."

బాబాయి మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. లోకం ఏమంటుందో ఆలోచించావా అన్నాడు.

"లోకాన్ని రేపు తెల్లారేసరికి రమ్మనండి బాబాయ్. నాన్నకి స్నానం చేయించాలి."

అత్త ఏదో అనబోయి మానేసింది. ఆ స్నానం సంగతి ఆమెకి తెలుసు. బాబాయి లేచాడు, నీ గడప తొక్కనన్నాడు. చెప్పులు వేసుకుంటుంటే ఒక చెప్పు దొరకలేదు, మంచం కిందకి పోయింది. అమ్మే వంగి తీసిచ్చింది.

వాళ్ళు మెట్లు దిగుతుంటే అన్నయ్య వెనకబడ్డాడు. నాకు నిజంగా చేతకాదే అన్నాడు. వాడి ముఖం చూస్తే చిన్నప్పుడు లెక్కల పరీక్ష ముందు రోజు ముఖం గుర్తొచ్చింది. మొదటి రోజు ఎవరికీ చేతకాదు, నా బతుకుతెరువే అది అన్నాను. వాడు నవ్వలేదు గానీ కోప్పడలేదు.

తలుపేసి వచ్చేసరికి అమ్మ అన్నం వడ్డిస్తోంది. ఇద్దరం గిన్నె ఊడ్చేశాం.


ఏప్రిల్ 2, బుధవారం

ఇవాళ నా రోజు కాదు. మొన్న సోమవారమూ కాదు, అయినా వెళ్ళాను.

అన్నయ్య నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. పక్క సీట్లో నేర్చుకునేవాడు, మేడమ్ మీ ఫోను అన్నాడు. రోడ్డు చూడండి అన్నాను. మళ్ళీ మోగింది. నాన్న తడిసిన పక్క మీద ఉన్నాడా? జావ ఎవరు పెట్టారు? జారి పడ్డాడా? పడితే వదిన చెబుతుంది. వదిన మెసేజి పెట్టలేదు. అంటే పడలేదు. అంటే ఒట్టి తడిసిన పక్కే. ఒట్టి తడిసిన పక్కే అని నేనేనా రాస్తున్నది.

కుడికి తిప్పమన్నాను, మళ్ళీ కుడికి అన్నాను. చూస్తే వంతెన ముందున్నాం. ఎక్కితే ఆ ఇల్లే. నా పక్కనున్న బ్రేకు తొక్కి బండి ఆపేశాను. ఏం తప్పు చేశాను మేడమ్ అన్నాడు పాపం. మీరేం చెయ్యలేదు, వెనక్కి పోనివ్వండి అన్నాను.

నేను రాక్షసిని కాను. రాక్షసినైతే వంతెన దాకా ఎందుకొస్తాను?

సాయంత్రం మళ్ళీ మోగితే తీశాను. అన్నయ్యే. తిడతాడనుకుని చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను.

"నేనే చేశాను," అన్నాడు.

ఆఫీసుకి సెలవు పెట్టాడట. మధ్యాహ్నం దాకా పట్టిందట. నాన్న బూతులు తిట్టాడట, తర్వాత ఊరుకున్నాడట.

"నాన్న వీపు మీద అంత పెద్ద మచ్చుంది. ఎప్పటిదే అది?"

ఓడరేవులో ఇనప తాడు తెగి తగిలింది, నువ్వు పదో తరగతిలో ఉండగా అన్నాను. నాకెవరూ చెప్పలేదే అన్నాడు. యాభై ఏళ్ళవాడు. ఒకే ఇంట్లో పైనా కిందా ఉండి, కన్నతండ్రి వీపు ఇవాళే చూశాడు.


ఏప్రిల్ 12, శనివారం

అన్నయ్య ఒక మనిషిని కుదిర్చాడు. ఆస్పత్రి వార్డులో పనిచేసి మానేసిన మీసాలాయన. నాన్నకి ఆయనంటే పడదు. నా దువ్వెన ఎత్తుకుపోయాడని ఇవాళ నాకు ఫిర్యాదు. దువ్వెన దిండు కింద దొరికింది, అయినా దొంగే అన్నాడు. ఆదివారాలు మీసాలాయన రాడు, అన్నయ్య చేస్తున్నాడు. నీళ్ళు మరీ వేడిగా పోస్తాడట. అదీ ఫిర్యాదే.

వదిన నన్ను మెట్ల దగ్గర ఆపి, మెల్లగా, అత్తయ్య మీ ఇంటికి వచ్చేయకపోయి ఉంటే ఆవిడ తర్వాత వంతు నాదేనని నాకు తెలుసు అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అనలేదు. ఏ మాట ఎప్పుడు బయటికొస్తుందో వాళ్ళ వాళ్ళ ఓపికని బట్టి.

బాబాయి ఇంట్లో శుభకార్యమట. మమ్మల్ని పిలవలేదు. అమ్మ ఒక పూట ముభావంగా ఉంది. మరిది పెళ్ళి చేసింది తనే, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుంది తనే. ఫోన్ చెయ్యమంటావా అన్నాను. వద్దు, దీనికింత ఖరీదుంటుందని తెలిసే వచ్చాను అంది.

పొద్దుటి బ్యాచ్ తిరిగి రాలేదు. అడిగాను. మళ్ళీ అడుగుతాను.


ఏప్రిల్ 23, బుధవారం

ఒకసారి చూసొస్తాను అంది అమ్మ. ఆ మాట నేను ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, చేతులూపుకుంటూ దిగింది. సంచి లేదు. నెత్తి మీద డ్రైవింగ్ స్కూలు బోర్డున్న బండిలో వెనక సీట్లో కూర్చుని, నెమ్మదిగా పోనీ, నాకు తొందరేం లేదు అంది.

నాన్న మంచం పక్కన చూడవచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె ఎప్పుడైనా కూర్చుందా? మీసాలాయన ఇద్దరికీ టీ తెచ్చాడు. అమ్మ రెండు చేతులతో గ్లాసందుకుని, ఆ ఇంట్లో ఎవరో చేసిచ్చిన టీ, చివరిదాకా కూర్చునే తాగింది.

నాన్న ఆమెనే చూస్తున్నాడు.

"లావయ్యావు," అన్నాడు.

"అయ్యాను."

"ఎప్పుడొస్తావు?"

మీసాలాయన గిన్నెల చప్పుడు ఆపేశాడు. గుమ్మంలో అన్నయ్య, వాడి వెనక నేను.

"వచ్చే బుధవారం. ఇదే టైముకి."

"ఉండటానికా?"

"చూడటానికి."

నాన్న ముఖం గోడ వైపు తిప్పేసుకున్నాడు. అమ్మ లేస్తుందనుకున్నాను. లేవలేదు. పడిపోయిన ఆయన కుడిచేతిని దుప్పటి మీంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ సాగదీసింది. అలా ఎంతోసేపు కూర్చుంది. నాన్న ఇటు తిరగలేదు, చెయ్యి మాత్రం లాక్కోలేదు. లాక్కునే ఓపిక ఆ చేతికి ఎలాగూ లేదనుకోండి. తర్వాత దాన్ని జాగ్రత్తగా మళ్ళీ దుప్పటి మీద పెట్టి, వస్తాను అని లేచింది.

వీధి చివర మలుపు తిప్పాను. వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడైంది. అద్దంలో చూశాను.

"ఏడుస్తున్నావా అమ్మా?"

"ఏడుస్తున్నాను. అయితే ఏం? ఏడుస్తున్నానని బండి వెనక్కి తిప్పకు."

తిప్పలేదు. గేరు మార్చాను.